ఆకుపచ్చ ముఖం

మా యింటి వసారాలో మా నాన్నగారి పటం వొకటి వుంది. ఆయన పోయిన తరువాత పాత ఫొటో వొకటి తెనాలిలో యిచ్చి, పెద్దది చేయించి, రంగులు వేయించాము. బుగ్గలకు గులాబిరంగు, పెదవులకు కొంచెం ఎరుపు, కోటుకు నీలం. చూడవచ్చిన వాళ్లంతా "అచ్చం ఆయనే!" అన్నారు. మా అమ్మ మాత్రం చాలాసేపు చూచి, "ముక్కూ కళ్లూ ఆయనవే. మనిషే ఆయన కాదు" అన్నది.

దుఃఖంలో అన్న మాట అనుకుని వూరుకున్నాను. అందులో సంగతి వున్నదని మొన్న రేపల్లె రైలులో తెలిసింది.

బాపట్లలో మా మేనల్లుడి దగ్గర జర్మన్ చిత్రకారుల పుస్తకం వొకటి కనిపిస్తే, దారిలో కాలక్షేపానికి అడిగి తెచ్చుకున్నాను. తెనాలిలో రైలు మారి, కిటికీ పక్కన కూర్చుని తెరిచానుగదా, అన్నీ పసుపుపచ్చ ముఖాలు, ఆకుపచ్చ ముఖాలు, నీలం నీడలు! యిటువంటి వొంటిరంగు యే మనిషికైనా వుంటుందా అని విసుక్కుంటున్నాను. వేమూరు దాటింది. ఎదుట కూర్చున్న పెద్దావిడ మెడ సాచి, వొక ఆకుపచ్చ ముఖాన్ని చూచి, "యీ అబ్బాయికి యేం కష్టం వచ్చింది నాయనా? రాత్రంతా కన్ను మూసినట్టు లేదు" అన్నది.

ఆకుపచ్చగా యెందుకున్నాడని ఆవిడ అడగలేదు, చూడండి!

అది ఎరిక్ హెకెల్ 1919లో చెక్కమీద చెక్కి, రంగులతో అచ్చు తీసిన బొమ్మ. ఆ ముఖం ఆయనదే. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడినవారికి సేవచేసే దళంలో వుండి వచ్చాడు. అక్కడ చూచినదంతా ఆ రంగులో వుంది. పెద్దావిడకు అది వొక్క చూపులో అందింది. నాకు పుస్తకం చదివినా అందలేదు.

1905లో డ్రెస్డెన్ నగరంలో భవననిర్మాణం చదివే నలుగురు కుర్రవాళ్లు "వంతెన" అనే పేరుతో వొక బృందం కట్టారు. కిర్ష్నర్, హెకెల్, ష్మిట్ రాట్లుఫ్, బ్లైల్. పోలిక పట్టడానికి కెమెరా వుండనే వుంది. యిక చిత్రకారుడు పట్టవలసినది లోపలి మనిషిని అనుకున్నారు. ముఖంమీది నీడకు గోధుమరంగు పూయడం మానేశారు. ఎరుపు పక్కన ఆకుపచ్చ, పసుపు పక్కన వూదా, వొకదానిలో వొకటి కలపకుండా పెట్టారు. అలా పెడితే రెండు రంగులూ మరింత మండుతాయి. కిర్ష్నర్ 1915లో సైనికుడి దుస్తులలో తన బొమ్మ తానే వేసుకున్నాడు. పాలిపోయిన పసుపు ముఖం, శూన్యమైన కళ్లు, మణికట్టు దగ్గర తెగిపోయిన కుడిచెయ్యి. నిజానికి ఆయన చెయ్యి తెగలేదు. యిక బొమ్మలు వేయలేనేమోనన్న భయమే అలా తెగింది.

మనకు యిదేమంత కొత్త? భరతుడు నాట్యశాస్త్రంలో రసానికొక రంగు చెప్పాడు. రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, అద్భుతానికి పసుపు, కరుణకు పావురాయి రంగు. బాపట్లలో పుట్టి తెనాలి రంగస్థలంమీద పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావుగారు ముఖానికి రంగు వేసుకుని సత్యభామగా వస్తే, జనం ఆ అలకనే చూచారుగాని, మగవాడి ముఖమని లెక్కపెట్టలేదు.

జర్మనీలో మాత్రం లెక్కపెట్టినవాళ్లు వచ్చారు. 1937లో హిట్లరు ప్రభుత్వం యిటువంటి బొమ్మలకు "భ్రష్టకళ" అని పేరుపెట్టి, వెక్కిరించడానికే మ్యూనిక్‌లో ప్రదర్శన పెట్టింది. కిర్ష్నర్ కృతులు 600కు పైగా మ్యూజియాలనుంచి తీసివేశారు. మరుసటి యేడు ఆయన స్విట్జర్లాండులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ ప్రభువులకు నిగనిగలాడే ఆరోగ్యవంతుల బొమ్మలే కావాలి.

మా గులాబి బుగ్గల పటం గుర్తుకు వచ్చింది. పాపం, దాన్ని వేసినాయన మమ్మల్ని సంతోషపెట్టాలనే వేశాడు. మేము కోరినదీ అదే.

యింటికి వచ్చి, "నాన్నగారంటే నీకు యే ముఖం గుర్తుకు వస్తుందమ్మా?" అని అడిగాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "1977 ఉప్పెన అప్పుడు, రేపల్లె అవతల మనవాళ్లను వెతకడానికి వెళ్లి మూడోనాడు తిరిగి వచ్చారు కదూ. గుమ్మంలో నిలబడ్డారు. ముఖం తడిసిన బూడిదలా వుంది. యేమైందని నేను అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది" అన్నది.

పావురాయి రంగంటే యేదో నాకు అప్పుడు తెలిసింది.

"పటానికి మళ్లీ రంగులు వేయిద్దామా?" అన్నాను.

"వద్దులే. అది వచ్చేపోయే వాళ్లకోసం. దాన్ని అలాగే వుండనీ" అని లేచి, పటంమీది దుమ్ము కొంగుతో తుడిచింది.