పిన్ ఒక్కసారి, రుసుము ఎనిమిది సార్లు

పండక్కి హైదరాబాద్ నుంచి విశాఖకు రానూపోనూ నలుగురికి విమానం టికెట్లు తీశాను. మొదట కనిపించిన ధరే ఇంట్లో చెప్పి సరేననిపించుకున్నాను. పేర్లు, వయసులు నింపి, సీటు వద్దు, భోజనం వద్దు, బీమా వద్దు అంటూ ఒక్కొక్కటే దాటి డబ్బు కట్టే చోటికి చేరేసరికి మొత్తం పెరిగింది. కొత్తగా వచ్చి చేరింది కన్వీనియెన్స్ ఫీ. మనిషికింత, ఒక్కో ప్రయాణానికింత. నలుగురం, రెండు ప్రయాణాలు కాబట్టి ఎనిమిది సార్లు పడింది. యూపీఐ పిన్ నేను నొక్కింది మాత్రం ఒక్కసారే.

ఆ లెక్క ఇప్పటికీ మింగుడు పడటం లేదు. కార్డుతో డబ్బు తీసుకుంటే సంస్థ బ్యాంకుకు కమిషన్ ఇవ్వాలి, నిజమే. అది సొమ్ము మీద శాతంగా పడేదే తప్ప తలల లెక్కన పడేది కాదు. రూపే డెబిట్ కార్డుకూ, బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐకీ 2020 జనవరి 1 నుంచి ఆ కమిషన్ కూడా లేదు. మరి ఈ రుసుము దేనికి? వివరాలన్నీ టైపు చేసింది మనమే. కౌంటరులో ఒక ఉద్యోగి చేయాల్సిన పని మనం చేసిపెట్టి, దానికి ఎదురు డబ్బిస్తున్నాం.

రైల్వే వైపు చూడండి. ఐఆర్‌సీటీసీ కూడా ఈ రుసుము తీసుకుంటుంది. యూపీఐతో కడితే ఏసీ కాని తరగతులకు 10 రూపాయలు, ఏసీకి 20. మిగతా పద్ధతుల్లో 15, 30. దానిపై జీఎస్టీ. అయితే అది టికెట్టుకు. ఒకే టికెట్టు మీద ఆరుగురు వెళ్లినా అంతే. విమానానికి మాత్రం తలలెందుకు లెక్కపెట్టాలి?

పైగా టికెట్టు చౌకైనా ఖరీదైనా రుసుము ఒకటే. నాలుగు రూపాయలు మిగులుతాయని నెలల ముందే చౌక టికెట్టు కొనుక్కునే కుటుంబానికే దీని బరువెక్కువ. ప్రయాణం మానుకుంటే ఈ సొమ్ము తిరిగి ఇవ్వబోమని చాలా సంస్థలు ముందే రాసిపెట్టుకున్నాయి.

అసలు ధరను చివరి మెట్టు దాకా దాచడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించిన 13 ఎత్తుగడల్లో ఇదొకటి. నియమం ఉంది, అమలు కావాలి. అన్నీ కలిపిన ధర మొదటి తెరమీదే చూపించాలి. చెల్లింపు రుసుము ఉంటే లావాదేవీకి ఒక్కసారే ఉండాలి. టికెట్టు రద్దయితే అదీ వెనక్కి రావాలి.

మొదటి తెరనూ చివరి తెరనూ ఫోనులో భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరూ చేయండి. ఇంట్లో ఏ ధర చెప్పామో ఆ ధరకే టికెట్టు చేతికి రావాలి. మనం అడుగుతున్నది అంతకు మించి ఏమీ కాదు.