లెక్క రాకనా, మాట రాకనా?

ఒక దుకాణదారు వద్ద రెండు రకాల బియ్యం ఉన్నాయి. ఒకటి కిలో 60 రూపాయలు, మరొకటి 40 రూపాయలు. రెంటినీ కలిపి, కిలో 46 రూపాయల వంతున పడేటట్లు 30 కిలోలు సిద్ధం చేయాలి. ఏ రకం ఎంత కలపాలి? బీజగణితం నేర్చే పిల్లలందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే లెక్క ఇది. దీనిముందు కలం కదలని పిల్లలకు 'లెక్కలు రావు' అని ముద్ర వేస్తాం. ఆ ముద్ర న్యాయమైనదేనా?

ఈ లెక్కలో రెండు పనులున్నాయి. మాటలను సమీకరణంగా మార్చడం మొదటిది, ఆ సమీకరణాన్ని సాధించడం రెండవది. 60 రూపాయల బియ్యం 'య' కిలోలు అనుకుందాం. 30లో 'య' పోగా మిగిలినది 40 రూపాయల బియ్యం. అప్పుడు 60య + 40(30 − య) = 46 × 30. అంటే 1200 + 20య = 1380. కనుక య = 9. మేలిరకం 9 కిలోలు, రెండవ రకం 21 కిలోలు. వాటి వెలలు 540, 840; మొత్తం 1380. లెక్క సరిపోయింది.

రెండవ పనికి భాష అడ్డురాదు. గుర్తులు హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, రాయగడలోనైనా ఒక్కటే. పిల్లలు చిక్కుకునేది మొదటి పనిలోనే. కలిపిన సరుకు వెల, విడివిడి సరుకుల వెలల మొత్తానికి సమానమన్న కీలకం ప్రశ్నలో రాసి ఉండదు. 'వంతున', 'పడేటట్లు', 'పోగా' వంటి చిన్నమాటల వెనుక అది దాగి ఉంటుంది. అటువంటి మాటలు నిఘంటువు చూసి పట్టుబడేవి కావు. ఇంట్లో, సంతలో, అమ్మ బేరమాడుతుండగా చెవిన పడి ఒంటబట్టేవి.

అంకెల పేర్లు సైతం తికమక పెడతాయి. మనం పదులు ముందు చెప్పి 'నలభై ఆరు' అంటాం. ఒడియాలో 'ఛయాళిశ', మరాఠీలో 'శెహెచాళీస్' అన్నప్పుడు ఆరు ముందు వినబడుతుంది, నలభై తరువాత. పెద్దలకిది అల్పవిషయం. ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాషగా పెరిగే పసిమనసుకు మాత్రం ప్రతి లెక్కలోనూ అదనపు బరువు.

రాజ్యాంగం ఈ బరువును గుర్తించింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలంటున్నది. అయితే బీజగణితం మొదలయ్యేది ప్రాథమిక దశ ముగిశాకనే. గొడుగు ముడిచిన చోటనే వాన మొదలవుతున్నది! 2020 నాటి జాతీయ విద్యావిధానం కనీసం అయిదవ తరగతి వరకు, వీలైతే ఎనిమిది వరకు, ఆపైన కూడా ఇంటిభాషలో బోధన మేలన్నది. ఆ 'వీలైతే' అన్న మాటను హక్కుగా మార్చుకోవడమే మన ముందున్న పని.

ఇది పొరుగుభాషల మీద పోరు కాదు. బతుకునిచ్చిన నేల భాషను మన పిల్లలు చక్కగా నేర్వాలి. తమిళంలో మిశ్రమాన్ని 'కలవై' అంటారు. అది మన 'కలుపు'కు చుట్టమే. కన్నడసీమను ఏలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. వన్నెలు వేరైన బంగారాలను కలిపే లెక్కలు అందులో ఉన్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. గణితం ఎల్లలు దాటి మన నుడిలోకి వచ్చి ఇన్ని శతాబ్దాలైంది. ఇప్పుడు తెలుగులో లెక్కలు కుదరవనడం చరిత్ర ఎరుగని మాట.

మన తప్పూ ఒప్పుకోవాలి. తెలుగు మాధ్యమం పేరిట పిల్లలకు ఇంట్లో ఎన్నడూ వినబడని సంస్కృత సమాసాలను అందిస్తే, అదీ పరాయిభాషే అవుతుంది.

కనుక మనం అడగవలసినవి స్పష్టం. ఎనిమిదవ తరగతి వరకైనా లెక్కల ప్రశ్నలు రాష్ట్రభాషతోపాటు తెలుగులోనూ పక్కపక్కనే అచ్చు కావాలి. గణితపదాల రెండు భాషల పట్టిక ప్రతి పిల్లకూ అందాలి. తెలుగులో లెక్కలు చెప్పగల ఉపాధ్యాయుల ఖాళీలు నింపాలి.

ప్రభుత్వం కదిలేలోగా ఇంట్లో చేయగలిగినదీ ఉంది. పై లెక్కనే నోటితో చెప్పండి. 46కు 40 ఆరు తక్కువ, 60 పద్నాలుగు ఎక్కువ. కనుక మేలిరకం ఆరు పాళ్లయితే రెండవది పద్నాలుగు పాళ్లు, అంటే మూడుకు ఏడు. 30 కిలోలను పది పాళ్లు చేస్తే తొమ్మిది, ఇరవై ఒకటి! అక్షరం రాని వ్యాపారి సైతం చేయగల లెక్క ఇది.

మీ బిడ్డకు లెక్కలు రావని ఎవరైనా అంటే, వెంటనే నమ్మకండి. అదే లెక్కను ఒక్కసారి అమ్మనుడిలో అడిగి చూడండి.