ఆ 59 రోజులు

కొవాగ్జిన్ వద్దన్న రాయ్‌పూర్ అడిగిన ప్రశ్న సబబైనదే. ఢిల్లీ జవాబే సూటిగా లేదు. బూస్టర్ నాటికీ ఆ పాఠం ఎవరికీ వంటబట్టలేదు.

2021 ఫిబ్రవరి రెండో వారంలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య శాఖ మంత్రి టి.ఎస్. సింగ్ దేవ్ కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్‌కు ఒక లేఖ రాశారు. అందులో ఉన్న అభ్యంతరాలు ప్రధానంగా రెండు. ఒకటి, కొవాగ్జిన్ మూడో దశ ప్రయోగాలు పూర్తి కాలేదు. రెండోది, రాష్ట్రానికి వచ్చిన సీసాల మీద గడువు తేదీ లేదు. ఈ రెండూ తేలేదాకా తమ రాష్ట్రానికి కొవాగ్జిన్ పంపవద్దని కోరారు. కేంద్రం నుంచి జవాబు కూడా త్వరగానే వచ్చింది. టీకా సురక్షితమనీ, వ్యాధి నిరోధక స్పందన కలిగిస్తుందనీ, గడువు తేదీ గురించిన ఆందోళనకు ఆధారం లేదనీ హర్షవర్ధన్ రాశారు. సాక్ష్యంగా సీసా లేబుల్ ఫొటో జత చేశారు.

ఆ లేఖలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి తెలుస్తుంది. రాయ్‌పూర్ అడిగింది టీకా జబ్బును ఎంతవరకు ఆపుతుందని. ఢిల్లీ చెప్పింది టీకా ఒంట్లో స్పందన పుట్టిస్తుందని. వైద్యులకు ఈ రెండు మాటల మధ్య తేడా బాగా తెలుసు. టీకా తీసుకున్నవారి రక్తంలో యాంటీబాడీలు పెరిగాయని తేలితే అది మంచి సూచన మాత్రమే. టీకా వేసుకున్నవారిలో ఎందరికి జబ్బు వచ్చింది, వేసుకోనివారిలో ఎందరికి వచ్చింది అని లెక్క తీస్తే గాని సమర్థత తెలియదు. ఆ లెక్క తీసేదే మూడో దశ. 2021 జనవరి 3న ఔషధ నియంత్రణ అధిపతి వి.జి. సోమానీ అనుమతి ప్రకటించే నాటికి కొవాగ్జిన్ విషయంలో ఆ లెక్క లేదు. అందుకే అనుమతి పత్రంలో 'క్లినికల్ ట్రయల్ పద్ధతిలో' అన్న షరతు చేర్చారు. అదే రోజు సోమానీ మాత్రం టీకాలు '110 శాతం' సురక్షితమని విలేకరులకు చెప్పారు. నూటికి నూట పది అనే అంకె ఏ వైద్య గ్రంథంలోనూ దొరకదు.

సందేహించింది ఒక్క ఛత్తీస్‌గఢ్ కాదు. టీకాల కార్యక్రమం మొదలైన జనవరి 16నే ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు తమకు కొవాగ్జిన్ బదులు కోవిషీల్డ్ ఇవ్వాలని అధికారులకు లేఖ ఇచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా అనుమతి వచ్చిన రోజున, కేసులు ఒక్కసారిగా పెరిగితే వాడుకోవడానికి కొవాగ్జిన్ అదనపు అండగా ఉంటుందన్న అర్థంలో మాట్లాడారు. వైరస్‌ను మొత్తంగా నిర్వీర్యం చేసి తయారుచేసిన టీకా కాబట్టి కొత్త రకాల మీదా పనిచేసే అవకాశం ఎక్కువని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతి బలరామ్ భార్గవ వాదించారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన గగన్‌దీప్ కాంగ్ వంటి టీకా నిపుణులు సమర్థత సమాచారం లేకుండా అనుమతి ఇవ్వడమేమిటని బాహాటంగానే అడిగారు. పెద్ద డాక్టర్లే తలో మాట చెబుతున్నప్పుడు రాయ్‌పూర్‌లో టీకా కోసం చెయ్యి చాపాల్సిన నర్సు ఎవరి మాట వినాలి?

ఈ వివాదం తెలుగువారికి మరోలా వినిపించింది. కొవాగ్జిన్ హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారీ. వైరస్ నమూనాను అందించింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. 'మన టీకా'ను అనుమానిస్తారా అన్న ఉక్రోషం అప్పట్లో హైదరాబాద్‌లో వినిపించింది. కానీ ఇదే సంస్థ చరిత్రలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. పసిపిల్లల విరేచనాలను అరికట్టే రోటావాక్ టీకాను ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద పరీక్షించారు. ఫలితాన్ని 2013లో బయటపెట్టారు. తీవ్రమైన జబ్బును ఆపడంలో మొదటి ఏడాది సమర్థత దాదాపు 56 శాతం. గొప్ప అంకేమీ కాదు. అయినా 2014లో లైసెన్సు ఇచ్చారు. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో ప్రభుత్వమే పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ రాష్ట్ర మంత్రీ వద్దని లేఖ రాయలేదు. 56 అన్న అంకె ముందే అందరి చేతిలో ఉంది. ఆ అంకెతో ఎందరు పిల్లలు ఆస్పత్రి పాలు కాకుండా తప్పించుకుంటారో వైద్యులు వివరించగలిగారు.

కొవాగ్జిన్ విషయంలో అంత వ్యవధి లేదు నిజమే. బయట మహమ్మారి ఉంది. తొలి రెండు దశల్లో భద్రత గురించి ఆందోళన కలిగించే సంగతులు బయటపడలేదు. మూడో దశలో వాలంటీర్లకు టీకాలు వేయడం చివరికొచ్చింది. అలాంటప్పుడు కొంత తెగించి అనుమతి ఇవ్వడాన్ని సమర్థించుకోవచ్చు. 'సమర్థత ఇంకా తెలియదు, ఫలానా నాటికి తెలుస్తుంది, అప్పటిదాకా ఫలానా కారణాల వల్ల ఇస్తున్నాం, ఇష్టమైనవారే వేసుకోండి' అని చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది. అలా చెప్పకుండా, ప్రశ్నించినవారిని స్వదేశీ శాస్త్రాన్ని కించపరిచేవారిగా చిత్రించడం మొదలైంది. ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం, కేంద్రంలో బీజేపీ ప్రభుత్వం ఉండటం వల్ల ఆ పని మరింత సులువైంది.

చివరికి మార్చి 3న భారత్ బయోటెక్ తొలి మధ్యంతర ఫలితం ప్రకటించింది. 43 మందికి కోవిడ్ సోకగా అందులో 36 మంది ఉత్తుత్తి మందు తీసుకున్నవారు, ఏడుగురు టీకా తీసుకున్నవారు. సమర్థత 80.6 శాతమని తేల్చారు. అనుమతికీ ఈ అంకెకూ మధ్య గడిచింది 59 రోజులు. మార్చి 11న 'క్లినికల్ ట్రయల్' షరతును తొలగించారు. తుది ఫలితం జూలైలో వచ్చింది. టీకా తీసుకున్న 8,471 మందిలో 24 మందికి, తీసుకోని 8,502 మందిలో 106 మందికి లక్షణాలతో కోవిడ్ సోకింది. అంటే సమర్థత 77.8 శాతం. తీవ్రమైన జబ్బును ఆపడంలో అది 93.4 శాతం. అదే ఏడాది నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాలో కొవాగ్జిన్‌ను చేర్చింది. వారం తిరగ్గానే 'లాన్సెట్' పత్రిక ఈ ప్రయోగ వివరాలను ప్రచురించింది.

77.8 శాతం అంటే నూరుమంది టీకా వేసుకుంటే 78 మందికి రక్షణ, 22 మందికి లేదు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. టీకా లేనివారిలో నూరుమందికి జబ్బు వచ్చే చోట, అంతే సంఖ్యలో ఉన్న టీకా వేసుకున్నవారిలో 22 మందికి వస్తుందని దాని భావం. ప్రయోగంలో వచ్చిన అంకె ఊళ్లో కూడా అలాగే ఉండాలని లేదు. రెండో వేవ్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఢిల్లీ ఎయిమ్స్ తన సిబ్బంది మీద చేసిన అధ్యయనంలో, లక్షణాలతో కూడిన జబ్బును కొవాగ్జిన్ రెండు డోసులు ఆపింది 50 శాతమే. డెల్టా రకం చెలరేగుతున్న వేళ, రోజంతా రోగుల మధ్య తిరిగేవారిలో వచ్చిన అంకె అది. 110, 80.6, 77.8, 50: ఒకే టీకా గురించి ఏడాదిలో జనం విన్న అంకెలివి. చివరి మూడింటి మధ్య వైరుధ్యం లేదు. ఎవరి మీద, ఎప్పుడు, ఏ రకం వైరస్ ఉండగా కొలిచారన్నదే తేడా. ఆ సంగతి ఓపిగ్గా చెప్పినవారు కొద్దిమందే.

ప్రశ్న సబబైనంత మాత్రాన రాయ్‌పూర్ చేసిందంతా ఒప్పని కాదు. తొలి ఫలితం వచ్చాక పంతం వదలడంలో ఆ ప్రభుత్వం చూపిన తొందర తక్కువ. ఈలోగా రెండో వేవ్ విరుచుకుపడింది. ఏప్రిల్ మొదటి పక్షంలోనే రాష్ట్రంలో రోజువారీ కేసులు పది వేలు దాటాయి. ఏప్రిల్ 9 నుంచి రాయ్‌పూర్ జిల్లా అంతటా లాక్‌డౌన్ విధించారు. నగరంలోని అంబేద్కర్ స్మారక ఆస్పత్రిలో శవాగారం చాలక మృతదేహాలను బయట ఉంచాల్సి వచ్చిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 7న హర్షవర్ధన్ మళ్లీ విరుచుకుపడ్డారు. టీకాల మీద జనానికి అనుమానం కలిగించిన ప్రభుత్వం ప్రపంచంలో ఇదొక్కటేనేమో అన్నంత దాకా వెళ్లారు. కొవాగ్జిన్ వాడకపోవడం వల్లే ఆ విపత్తు వచ్చిందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. కోవిషీల్డ్ వేయడం అక్కడ ఆగలేదు. కొవాగ్జిన్ యథేచ్ఛగా వాడిన రాష్ట్రాలు కూడా ఆ నెలలో అల్లాడాయి. అయితే సందేహమన్నది ఒక బ్రాండు దగ్గర ఆగదు. మంత్రి 'ఈ టీకా వద్దు' అంటే పల్లెలో అది 'టీకా వద్దు' అని వినిపించే ప్రమాదం ఉంది.

మే 1న 18 ఏళ్లు దాటినవారికి టీకాలు మొదలయ్యే నాటికి పరిస్థితి తలకిందులైంది. అంతకు కొద్ది రోజుల ముందే రాష్ట్రం సీరం సంస్థతో పాటు భారత్ బయోటెక్‌కు కూడా ఆర్డరు పెట్టింది. ఒకప్పుడు వద్దన్న డోసుల కోసం ఇప్పుడు ఎదురుచూడాల్సి వచ్చింది. ఉన్న కొద్దిపాటి టీకాలను ముందుగా అంత్యోదయ కార్డుదారులకు ఇస్తామంటే బిలాస్‌పూర్‌లోని హైకోర్టు అభ్యంతరం చెప్పింది. కార్యక్రమాన్ని కొన్నాళ్లు ఆపి, అన్ని వర్గాలకూ వాటాలు వేసి మళ్లీ మొదలుపెట్టారు. ఆ నెలలోనే రాష్ట్రం సొంత పోర్టల్ పెట్టి, ప్రధాని ఫొటో స్థానంలో ముఖ్యమంత్రి భూపేష్ బఘేల్ ఫొటోతో సర్టిఫికెట్లు ఇచ్చింది. టీకా ఎవరిది అన్న తగువు చివరికి ఫొటో ఎవరిది అన్న దగ్గరికి చేరింది.

బూస్టర్ కథ దీనికి తలకిందుల ప్రతి. రెండు డోసుల వేళ టీకా ముందొచ్చి సమాచారం వెనక వచ్చింది. మూడో డోసు వేళ సమాచారం ఉన్నా సలహా స్పష్టంగా లేదు. బయటి దేశాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఇజ్రాయెల్ 2021 జూలై ఆఖర్లోనే 60 దాటినవారికి మూడో డోసు మొదలుపెట్టింది. పేద దేశాలకు మొదటి డోసే అందలేదు, కాస్త ఆగండని ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరింది. సెప్టెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 16 ఏళ్లు దాటిన అందరికీ బూస్టర్ అవసరమన్న ప్రతిపాదనను 16-2 ఓట్లతో తిరస్కరించి, వృద్ధులకు, ముప్పు ఎక్కువున్నవారికి మాత్రం ఇమ్మంది. అక్కడ భేదాభిప్రాయం బహిరంగ సమావేశంలో, ఓట్ల లెక్కతో సహా జనం ముందు తేలింది.

ఇక్కడ దాని పేరే మారింది. 'ముందు జాగ్రత్త డోసు' అన్నారు. 2022 జనవరి 10న ఆరోగ్య సిబ్బందికి, ముందు వరుస ఉద్యోగులకు, ఇతర జబ్బులున్న వృద్ధులకు మొదలుపెట్టారు. మొదట ఏ టీకా వేసుకున్నారో అదే మళ్లీ వేసుకోవాలన్నారు. కొవాగ్జిన్ వేసుకున్నవారికి మూడోసారి కోవిషీల్డ్ ఇస్తే యాంటీబాడీలు బాగా పెరుగుతున్నాయని వెల్లూరు పరిశోధన చెప్పినా విధానం మారలేదు. ఏప్రిల్‌లో పెద్దలందరికీ అనుమతించారు గానీ, 60 లోపు సామాన్యులు ప్రైవేటు కేంద్రాల్లో డబ్బు కట్టి వేయించుకోవాలి. జూలైలో వ్యవధిని తొమ్మిది నెలల నుంచి ఆరుకు తగ్గించారు. అదే నెల 15 నుంచి 75 రోజులు ఉచితమన్నారు. ఆగస్టులో హైదరాబాద్ బయోలాజికల్-ఇ సంస్థ కోర్బెవాక్స్‌ను వేరే టీకా వేసుకున్నవారికీ ఇవ్వవచ్చన్నారు. అవసరం ఎవరికి, ఎందుకు అన్న సంగతి మాత్రం ఫ్యామిలీ డాక్టర్ ఊహకే వదిలేశారు. ఒకరు తప్పకుండా వేయించుకోమంటే మరొకరు ఒమిక్రాన్ వచ్చి పోయింది కదా, ఎందుకన్నారు. ఫలితం లెక్కల్లో కనబడింది. దేశంలో రెండో డోసులు 95 కోట్లు దాటితే, మూడో డోసు 22 కోట్ల చిల్లర దగ్గర ఆగిపోయింది.

లెక్క చూపమని అడిగే హక్కు ఉన్నవారికి తమ లెక్క సరిగా చూపే బాధ్యత కూడా ఉంటుంది. కొవాగ్జిన్ వల్ల దుష్ప్రభావాలు ఎక్కువని బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకుల పత్రం 2024 మేలో సంచలనం రేపింది. టీకా తీసుకున్నవారికి ఫోన్ చేసి అడిగారే తప్ప తీసుకోనివారితో పోల్చలేదు. ఆ లోపాన్ని ఐసీఎంఆర్ ఎత్తిచూపింది. కొన్ని నెలలకు ఆ పత్రికే వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. పోలిక లేని అంకెతో టీకాను తిట్టడం, అంకే లేకుండా టీకాను పొగడటం ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

జనానికి వైద్యశాస్త్రం మొత్తం తెలియనక్కర్లేదు. తెలిసినదేదో, తెలియనిదేదో డాక్టరు నిజాయితీగా చెబితే చాలు, చెయ్యి చాపుతారు. రాయ్‌పూర్‌కు 2021 ఫిబ్రవరిలో దక్కనిది అదే. గడువు తేదీ గురించి అడిగితే లేబుల్ ఫొటో పంపారు. సమర్థత గురించి అడిగినప్పుడు పంపడానికి ఏమీ లేదు. ఆ మాటే ఒక్క వాక్యంలో రాసి, ఎప్పటికి వస్తుందో చెప్పి ఉంటే సరిపోయేది.