నూటికి రెండు రూపాయల వడ్డీకి మన పి.ఎఫ్. సొమ్ము



అత్తిముగంలో మనం పెట్టుకున్న మీటింగులో కొందరు మిత్రులు ఒక తీర్మానం కోసం పట్టుబట్టారు. పి.ఎఫ్. సొమ్ము మింగే కాంట్రాక్టరును ఏడేళ్ళు జైల్లో పెట్టేలా చట్టం మార్చాలట. చప్పట్లు బాగానే మోగాయి. కొట్టనివాళ్ళలో నేనొకణ్ణి. కాంట్రాక్టర్ల మీద జాలి ఉండి కాదు, ఆ తీర్మానం వాళ్ళను భయపెట్టదని తెలిసి.

ఇప్పుడు శిక్ష లేదా? మన జీతంలో కోసుకున్న పి.ఎఫ్. కట్టకపోతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, పదివేల జరిమానా అని 1952 చట్టంలోనే ఉండేది. పైగా అది నమ్మకద్రోహం కింద పోలీసు కేసు కూడా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ జరిమానాను లక్షకు పెంచింది, జైలును అలాగే ఉంచింది. మీ షెడ్డులో ఏ కాంట్రాక్టరైనా ఇందుకు జైలుకు వెళ్ళగా చూసినవారు చెయ్యెత్తండి. అదే కోడ్‌లో ఇంకో మాట ఉంది. కేసు పెట్టేముందు నోటీసిచ్చి ముప్పై రోజులు గడువివ్వాలి, ఆలోగా కట్టేస్తే కేసే లేదు. మూడేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తేనే ఆ గడువు ఉండదు. ఇన్‌స్పెక్టరు పేరు చివర ‘ఫెసిలిటేటరు’ అని తగిలించారు. దొంగ ఇంటికి సహాయకుడిగా వెళ్ళే పోలీసును మనం ఇంతవరకు చూడలేదు.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక కాంట్రాక్టరు కింద నలభై మంది ఉన్నారనుకోండి, పి.ఎఫ్. లెక్కకు వచ్చే జీతం తలకు పదివేలు. మన వాటా 1,200, యజమాని వాటా 1,200. నలభై మందికి నెలకు 96,000, ఏడాదికి 11,52,000. ఈ సొమ్ము అతను తన దగ్గరే తిప్పుకుంటే ఏమవుతుంది? ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన డ్యామేజీలు. ఆ డ్యామేజీలు 2008 దాకా, ఆరు నెలలు దాటిన బకాయిపై ఏడాదికి 37 శాతం. 2008లో 25కి దించారు. 2024 జూన్‌లో నెలకు ఒక శాతానికి దించారు. వడ్డీ ఒకటి, డ్యామేజీ ఒకటి, వెరసి నూటికి నెలకు రెండు రూపాయలు. హోసూరు బజారులో అప్పుకు వెళితే మూడు అడుగుతారు, ఐదు అడుగుతారు, సంతకానికి ఇద్దరిని తెమ్మంటారు. షూరిటీ లేకుండా రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చే ఫైనాన్సు కంపెనీ ఒక్కటే: మన చెమట. అదీ పట్టుబడితేనే వడ్డీ!

కాబట్టి శిక్ష పెంచడం వృథా అని నేననను. తగ్గించడం తప్పు, బజారు వడ్డీకంటే పైన ఉండాల్సిందే. కానీ వడ్డీ, డ్యామేజీ కలిపి ఏడాదికి 49 శాతం పడే రోజుల్లో మాత్రం ఎగవేత లేదా? ఉంది. అడిగేవాడు రాలేదు గనుక.

ఆపైన క్షమాభిక్షలు. 2017లో ఒక నమోదు ఉద్యమం పెట్టి, వదిలేసిన కార్మికులను చేర్చితే డ్యామేజీ ఏడాదికి ఒక్క రూపాయి అన్నారు. 2025 నవంబరు నుంచి 2026 ఏప్రిల్ దాకా ఇంకొకటి పెట్టి వంద రూపాయలు చాలన్నారు. కార్మికుడి జీతంలో కోయకపోతే అతని వాటా కట్టనక్కరలేదన్నారు. పేస్లిప్పే ఇవ్వని చోట కోశాడో లేదో రుజువు చేసేదెవరు? ఎనిమిదేళ్ళకొకసారి తలుపు తెరుస్తారని తెలిసినవాడు నెలనెలా ఎందుకు కడతాడు?

ఎగవేతకు దారులు కూడా మనకు కొత్త కాదు. ఇరవై మంది ఉంటే పి.ఎఫ్. చట్టం తగులుతుందని, తన పేర పద్దెనిమిది మంది, భార్య పేర పదిహేను, బావమరిది పేర పదిహేను. మేస్త్రీ ఒకడే, బండి ఒకటే, బిల్లులు మూడు. స్పిన్నింగ్ మిల్లుల్లో మరో ఎత్తు, ‘ట్రైనీ’. చట్టప్రకారం అప్రెంటిస్‌కు పి.ఎఫ్. లేదు గనుక రెండేళ్ళుగా డాఫింగ్ చేస్తున్న పిల్ల ఇంకా నేర్చుకుంటూనే ఉంటుంది! బేసిక్‌ను నాలుగు అలవెన్సులుగా ముక్కలు చేసే పద్ధతిని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సు కూడా పి.ఎఫ్. లెక్కలోకి వస్తుందన్నది. కొత్త కోడ్ అయితే అలవెన్సులు సగానికి మించితే, మించినదాన్ని జీతంలో కలపమంటుంది. మంచిదే. ఆ ముక్కలు లెక్కపెట్టేదెవరన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఒక వింత చూడండి. ఇదే కాంట్రాక్టరు మిల్లుకు వేసే బిల్లుపై 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది. 2022 జనవరి నుంచి, కాంట్రాక్టరు చూపిన బిల్లు ప్రభుత్వ లెక్కలో కనబడితేనే మిల్లుకు ఆ పన్ను తిరిగి జమవుతుంది. అతను పన్ను కట్టకుండా ఎగ్గొడితే నష్టం మిల్లుకు. అందుకని మిల్లు అకౌంట్స్ గుమాస్తా నెలనెలా సరిచూస్తాడు, కనబడకపోతే ఆ నెల బిల్లు ఆపుతాడు. జైలు మాట ఎవరూ ఎత్తరు, పోలీసు రాడు, కాంట్రాక్టరు మాత్రం పరిగెత్తి కడతాడు. ప్రభుత్వానికి రావలసిన పన్నుకు మిల్లు కాపలా కాస్తుంది. మన పి.ఎఫ్. చలానా చూడాలంటే అదే గుమాస్తాకు తీరిక ఉండదు!

కాయవలసిన బాధ్యత లేక కాదు. కాంట్రాక్టు కార్మికుల వాటాలు కట్టే బాధ్యత ప్రధాన యజమానిదేనని 1952 స్కీము 30వ పేరాలోనే రాశారు. కాంట్రాక్టరు కట్టకపోతే మిల్లు కట్టి, అతని బిల్లులో కోసుకోవాలి. అందుకే నేనంటాను: ఏడేళ్ళ జైలు అడగవద్దు, ఈ నెల చలానా అడుగుదాం. పేరుపేరునా జమ చూపకుండా కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయకూడదని వేతన ఒప్పందంలో ఒక్క వాక్యం రాయిద్దాం.

మన తప్పు కూడా ఒకటుంది, దాచను. ‘పి.ఎఫ్. ఎందుకన్నా, ఆ డబ్బు చేతికివ్వు’ అనే మాట మనవాళ్ళ నోటే వస్తుంది. కాంట్రాక్టరుకు అది వరం. ప్రమాదం జరిగిన రోజు పెన్షను, బీమా అడిగితే రికార్డులో పేరే ఉండదు. అత్తిముగం, బేరికె వైపు నుంచి వచ్చేవారికి ఇంకో చిక్కు: ఇంట్లో తెలుగు, గేటు మీద నోటీసు తమిళం, పాస్‌బుక్ ఇంగ్లీషు, హిందీ. చదవలేక వదిలేస్తున్నారు.

వచ్చే జీతం తర్వాతి ఆదివారం యూనియన్ ఆఫీసులో చదివి చెప్పేవాళ్ళుంటారు. యు.ఎ.ఎన్. నంబరు, ఫోను, పేస్లిప్పు ఉంటే అది తీసుకుని రండి. పదిహేనో తేదీలోగా జమ పడని పేర్లు రాసుకుని, ఆ జాబితా కాంట్రాక్టరుకు కాదు, మిల్లు మేనేజరుకే ఇస్తాం.