ఆకు శివునికి, పండు ఎవరికి?

చైత్రం దాటి ఎండలు ముదిరేసరికి, టాటానగర్ స్టేషనుకు చేరువలోని బర్మామైన్స్ వీధులలో తోపుడుబండ్ల మీద మారేడుపండ్లు గుట్టలుగా దర్శనమిస్తాయి. ఇక్కడివారు వీటిని ‘బేల్’ అంటారు. రాతివలె గట్టిపడిన పెంకును పగులగొట్టి, నారింజవన్నె గుజ్జును చన్నీటిలో పిసికి, వడగట్టి, గ్లాసు నింపి చేతికిస్తారు. ఉక్కు కర్మాగారపు కొలువుల కోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారికి మారేడు కొత్త కాదు. దానిని తాగడం కొత్త.

మనమెరిగిన మారేడు శివాలయ ప్రాంగణంలోని వృక్షం. మూడాకుల దళం లింగం మీదికి చేరుతుంది. వినాయకచవితి పత్రిలోనూ దానికి చోటున్నది. ఎండిన కాయ డిప్పను విభూతి భరిణెగా వాడిన ఇండ్లూ ఉన్నాయి. నడుమనున్న గుజ్జు మాత్రం తరచు చెట్టుకిందనే రాలి చీమలపాలవుతుంది. పొరుగునున్న ఒడిశాలో అట్లా కాదు. ఏప్రిల్ నడుమ వచ్చే మేషసంక్రాంతిని వారు ‘పణా సంక్రాంతి’ అనే పిలుస్తారు. మారేడు గుజ్జు, బెల్లం, విరిగిన పాల ముద్ద, కొబ్బరికోరు, మిరియాలు కలిపిన పానకం లేనిదే ఆనాడు వారికి కొత్త సంవత్సరం రాదు. దేవుని చెట్టయినంత మాత్రాన పండు మనుషులకు నిషిద్ధమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఈ విషయంలో ఒడియా సోదరులే మనకంటె వివేకులని నా అభిప్రాయం.

వృక్షశాస్త్రంలో దీని పేరు ఈగిల్ మార్మెలోస్. నిమ్మ, నారింజల కుటుంబానికే చెందినది. పేరులోని రెండవ మాట పోర్చుగీసువారి చలవ. వారి దేశంలో ‘మార్మెలో’ అనే ఒక పండున్నది. రొట్టెకు రాసుకునే మార్మలేడ్‌కు ఆ పేరు వచ్చింది దానినుండే. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథంలో మారేడును ‘బెంగాలు మార్మెలో’గా వర్ణించి, విరేచనాలకు దాని వాడుకను పేర్కొన్నాడు. ఇంగ్లీషులో ‘వుడ్ యాపిల్’ అన్న పేరు మారేడుకూ వెలగకూ కూడా చెల్లుతున్నది. అనువాదవృత్తిలో ఉన్నవారికి ఇదొక తలనొప్పి. ఔషధం కోసం చదివేవారికి తలనొప్పితో పోదు: పండ్లు వేరు, గుణాలు వేరు.

అసలు మెలకువ మరొకచోట ఉన్నది. పండ్లన్నీ పక్వమైనప్పుడే గుణవంతాలనీ, బిల్వం మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే మేలనీ పదహారవ శతాబ్దపు భావమిశ్రుడు ‘భావప్రకాశం’లో చెప్పాడు. లేతకాయలో వగరు అధికం. అది మలాన్ని కట్టిస్తుంది. కాయను బిళ్ళలుగా కోసి ఎండబెట్టి కషాయం కాచడం మన దేశంలోనే కాదు, థాయిలాండ్‌లోనూ ఆచారమే. అక్కడ దానిని తేనీటివలె తాగుతారు. పండిన గుజ్జు తీరు ఇందుకు విరుద్ధం, అది విరేచనకారి. మలబద్ధకం గలవారికి ఒక గ్లాసు హితవు; నీళ్ళవిరేచనాలతో ఉన్నవానికి అదే గ్లాసు ఉపద్రవం. ‘మారేడు కడుపుకు మంచిది’ అని ఒక్క ముక్కలో సలహా చెప్పే బంధుమిత్రులు ఈ భేదాన్ని గుర్తించరు.

ఆంగ్లేయుల కాలంలో 1868లో వెలువడిన ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’ కూడా మారేడును స్వీకరించింది. 2009లో ముంబయి పరిశోధకులు ఎండిన లేతకాయ కషాయాన్ని పరీక్షించి ఒక ఆసక్తికరమైన సంగతి ప్రకటించారు: అది వ్యాధికారక బాక్టీరియాను చంపదు, అవి పేగుల గోడలకు అంటుకోవడాన్నీ, వాటి విషప్రభావాన్నీ తగ్గిస్తుంది. ఇది ప్రయోగశాలలోని మాట. పసిబిడ్డ విరేచనాలతో వడలిపోతున్నప్పుడు ప్రాణం తీసేది ఒంటిలోని నీరు, లవణాల నష్టం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో క్రిక్కిరిసిన బనగావ్‌లో కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని తాగించి వేలమందిని నిలబెట్టాడు. నూటికి ముప్ఫై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపునకు దిగాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఈనాడు ప్రతి మందుల దుకాణంలో దొరుకుతుంది. ముందు అది, వెంటనే వైద్యుడు. మలంలో రక్తం కనిపిస్తే ఇంటి కషాయాలతో కాలయాపన చేయరాదు.

మధుమేహానికి మారేడాకు రసం వాడుకలో ఉన్నది. ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో చక్కెర తగ్గినమాట నిజమే. మనుషులపై గట్టి ఆధారం ఇంకా చాలదు. మాత్రలు వేసుకునేవారు వైద్యునికి చెప్పకుండా దానిని తోడు చేయడం క్షేమం కాదు. ఆకుకున్న కీర్తి పండుకు అంటగట్టడం మరింత ప్రమాదం: వంద గ్రాముల గుజ్జులో సుమారు ముప్ఫై గ్రాములు పిండిపదార్థాలే, బండివాడు వేసే పంచదార అదనం.

సహజమైనదంతా నిరపాయకరమని నమ్మేవారు 2013లో హవాయి దీవులలో జరిగినది తెలుసుకోవాలి. బరువు తగ్గిస్తామంటూ అమ్మిన ఒక బిళ్ళ వాడినవారు పలువురు కాలేయవ్యాధికి గురయ్యారు. కొందరికి కాలేయమార్పిడి అవసరమైంది, ప్రాణనష్టమూ జరిగింది. ఆ బిళ్ళలో మారేడాకులో ఉండే ‘ఏజెలీన్’ అనే పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి కలిపారు. దోషం దానిదేనా అన్న చర్చ పూర్తిగా తెగకపోయినా, సరుకును మాత్రం ఉపసంహరించారు. మసిపూసి మారేడుకాయ చేయడమన్న మన నుడికారం ఈ వ్యాపారానికి అచ్చంగా సరిపోయింది.

గుడిలో దళం వేసినవారికి గానీ, వేసవిలో గ్లాసెడు పానీయం తాగే ఆరోగ్యవంతునికి గానీ ఈ భయాలు అక్కరలేదు. ఇంట్లో చేసుకోదలచినవారు తీయని వాసనవేసే పండును ఎంచుకోవాలి. పగులున్నది వద్దు, పురుగు చేరి ఉండవచ్చు. గుజ్జును అరగంట నీటిలో నాననిచ్చి, చేత్తోనే మెత్తగా మెదపాలి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి రసం చేదెక్కుతుంది. వడగట్టిన పిదప కాస్త బెల్లం, చిటికెడు నల్లఉప్పు, వేయించిన జీలకర్రపొడి చాలు. మంచుగడ్డ వేయదలిస్తే శుభ్రమైన నీటితో చేసినదే వేయాలి. వీధిబండి మీదిది ఏ నీటితో గడ్డకట్టినదో ఎవరికెరుక?