పాత పికప్పునకు క్రొత్త ఇంజనా?

అమెరికాలో పాత షెవ్రొలె పికప్పుల నభిమానించువారి నడుమ నేడొక సిద్ధాంతము ప్రబలి, ప్రశ్నింపరాని శాసనమువలె చెల్లుబాటగుచున్నది: 1967 మొదలు 1972 వరకు తయారైన సి-10 బండి యేది దొరికినను, దాని ఇంజనును పెరికివేసి, 1999 తరువాతి సిల్వరాడోలోని 5.3 లీటర్ల వి-8 ఇంజనును తుక్కుదుకాణమున కొనితెచ్చి బిగించుటయే దాని నుద్ధరించు మార్గమని. ఇది తప్పుదారి యని నా నిశ్చితాభిప్రాయము.

ఆ ఇంజను మంచిదే. ఇనుపదిమ్మె గలది, దృఢమైనది, పెట్రోలును కొలిచి చిమ్ముకొనునది, గడ్డకట్టు చలిలోను తాళము త్రిప్పగనే అందుకొనునది. దాని గుణములను నేను కాదనను. పాత ఇంజనునకు విచారణ లేకయే మరణశిక్ష విధించుచున్నారనుటయే నా యాక్షేపము. పాయింట్ల యెడము చెడినను, టైమింగు తప్పినను, కార్బురేటరులో మడ్డి చేరినను, రబ్బరుగొట్టమొకటి బీటవారినను బండి దగ్గుచు, కుంటుచు నడుచును. అట్టిదానిని చూచి ఇంజను పోయినదని తీర్పు చెప్పువారిలో సిలిండరు సిలిండరునకు కంప్రెషను కొలిచి చూచినవారెందరు?

పైగా ఆ బండి యసలు దౌర్బల్యము వేరొకచోట నున్నది. 1971లో గాని ముందు చక్రములకు డిస్కు బ్రేకులు కర్మాగారమునుండి తప్పనిసరిగా రాలేదు. అంతకు పూర్వపువానికి నాలుగు చక్రములందును డ్రమ్ములే. ఆగుటకే శ్రమపడు బండికి ముందుగా పరుగు నేర్పుట యేమి వివేకము? పెట్రోలు టాంకి చోదకుని వెన్నునకు వెనుక, క్యాబినులోనే యున్నది. కార్బురేటరునకు చదరపుటంగుళమునకు అయిదారు పౌనుల యొత్తిడి చాలును. క్రొత్త ఇంజనునకు 58 పౌనులు కావలెను. అంత యొత్తిడితో పెట్రోలును పారించు పంపును, గొట్టములను, అతుకులను మనుష్యుడు కూర్చుండు గదిని ఆనుకొని అమర్చునపుడు చూపవలసిన జాగ్రత్తనుగూర్చి ఈ సిద్ధాంతులు పలుకు మాటలు, అశ్వశక్తినిగూర్చి పలుకు మాటలలో శతాంశమైనను ఉండవు.

ఇంజను చవుక యనుట మరియొక భ్రాంతి. మౌంటులు, ఆయిలు సంపు, వైరింగు, కంప్యూటరు, రేడియేటరు, ఎగ్జాస్టు, ఒక్కొక్కటియు వేరువేరుగ ధర యడుగును. అంతకన్న ఘోరమైనది పిదప వచ్చును. 1970 నాటి బండికి కర్మాగారము అచ్చొత్తించిన మరమ్మతు పుస్తకము కలదు. 1999 నాటిదానికిని కలదు. ఈ రెంటిని కలిపి కుట్టిన బండికి మాత్రము లేదు. ఏ తీగ యెచట కలిసినదో, ఏ సెన్సారును త్రోసివేసిరో అల్లినవానికే తెలియును. బండి చేతులు మారి, రాత్రివేళ ఊరికి దూరముగ నిలిచిపోయిననాడు క్రొత్త యజమాని యెవరి నడుగవలెను? పాత ఇంజనైనచో ఏ పల్లెటూరి మెకానిక్కయినను మూత తెరచి చూచి గ్రహింపగలడు.

దిమ్మె పగిలిన చోట, ప్రతిదినము సుదూరప్రయాణములు చేయవలసిన చోట మార్పును నేనంగీకరింతును. అప్పుడైనను ముందు చక్రములకు డిస్కులు బిగించి, టాంకిని క్యాబిను వెలుపలికి, చట్రము క్రిందికి తరలించి, వైరింగు పటమును కాగితముపై గీయించి బండిలో భద్రపరచిన పిమ్మటనే ఇంజనును ఎత్తు గొలుసును కప్పునకు తగిలింపవలెను.