బుద్ధుడు వరాలిచ్చే దేవుడు కాడు



మీ పత్రిక బుద్ధ పూర్ణిమ వ్యాసంలో బుద్ధుడు దశావతారాల్లో ఒకడనీ, కొలిచినవారిని గట్టెక్కిస్తాడనీ రాశారు. బౌద్ధులు అలా అనుకోరు. థేరవాదులకు ఆయన దారి కనుక్కొని చూపిన మనిషి, నడవాల్సింది మనమే. వారసుణ్ణి పెట్టకుండా, తన తర్వాత ధర్మమే గురువని ఆనందుడికి చెప్పి వెళ్లాడు. మహాయానంలో లోకాతీతుడయ్యాడు, నిజమే. అక్కడా సృష్టికర్త మాత్రం కాడు. అమరావతి తొలి శిల్పాల్లోనైతే ఆయన రూపమే ఉండదు. పాదాలు, బోధివృక్షం, ఖాళీ ఆసనం, అంతే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధంలోకి మారినవారి చేత అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాట నమ్మననేది ఒకటి. బుద్ధుడు మార్గదాతే గాని మోక్షదాత కాడని కూడా అంబేద్కర్ వివరించాడు.

మా ఆలూరుకు తూర్పున, తుగ్గలి మండలం ఎర్రగుడి బండలపై అశోకుడు తాను ఉపాసకుడినని, ఏడాదికి పైగా సంఘానికి దగ్గరై గట్టిగా పాటుపడ్డానని చెక్కించాడు. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం పలకండి అన్నాడు. బుద్ధుణ్ణి వరం అడగమని ఎక్కడా అనలేదు.

వ్యాసకర్త ఒకసారి ఎర్రగుడికి వచ్చి ఆ బండలు చూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఆలూరు